రాములవారి తరఫు బాధితులు

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. పెద్ద చదువు చదివినదాన్ని కాను గనక దాన్ని ఎవరి ముందూ గట్టిగా అడగలేదు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి రాములవారి పటం ముందు అష్టోత్తరం చదువుతాను. పాలు విరిగిపోయిన రోజో, నీళ్ళ మోటారు కాలిపోయిన రోజో ఆయన్ని నాలుగు మాటలు అంటాను కూడా. "అడవులు పట్టుకు తిరిగినవాడివి, కుళాయి రాకపోతే కష్టమేంటో నీకేం తెలుస్తుందిలే" అంటాను. ఇన్నేళ్ళలో ఆయన మొహంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. పొగిడిన రోజూ అదే నవ్వు, దెప్పిన రోజూ అదే నవ్వు. మరి ఆయన్ని ఎవరో ఏదో అన్నారని, ఆయన గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పుకునేవాళ్ళకి అంత బాధ ఎందుకు కలుగుతుంది? తన తరఫున బాధపడమని ఆయన వీళ్ళకి వకాల్తా ఏమైనా రాసిచ్చాడా?

నిరుటి శ్రీరామనవమికీ ఈ నవమికీ మధ్య మా కాలనీలో దీనికి సమాధానం దొరికింది. వకాల్తా అక్కర్లేదట. ఉపసంఘం ఉంటే చాలట.

మాది గోదావరి పక్క ఊరు. ఇక్కడ వెటకారం కలపకుండా ఎవరూ దారి కూడా చెప్పరు. బస్సెప్పుడొస్తుందండీ అని అడిగితే, "మీరొచ్చినట్టు దానికి కబురు పెట్టారాండి?" అంటారు. అలాంటి ఊళ్ళో మా కాలనీ రామాలయం ఎదుర్కోలుకి పెట్టింది పేరు. కల్యాణానికి ముందు పెళ్ళికొడుకైన రాములవారు పల్లకీలో వీధి మలుపు దాకా వస్తారు. పెళ్ళికూతురి వైపువాళ్ళం పానకం బిందెతో ఎదురెళ్తాం. అక్కడ రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు మైకు పట్టుకుని, వియ్యాలవారిలాగా ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు. జనం విరగబడి నవ్వాలి. నవ్వు వినపడ్డాకే మా గుడి అర్చకులు ఆచార్యులుగారు శంఖం ఊదుతారు. శంఖం ఊదాకే పల్లకీ కదులుతుంది. గుడి కట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

రాములవారి వైపు మాట్లాడేది మా ఆయన బాబాయి, అంటే నాకు చిన్నమావగారు, గుబ్బల నూకరాజుగారు. సీతమ్మ వైపు మాట్లాడేది కొప్పిశెట్టి భద్రంగారు. ఆయన షామియానాలు అద్దెకిస్తారు. నన్ను చెల్లమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. ఏడాది పొడుగునా ఈ ఇద్దరూ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగే స్నేహితులు. నవమి రోజు ఒక్కపూట మాత్రం బద్ధశత్రువులు.

నిరుడు ముందు చిన్నమావగారే అందుకున్నారు.

"మీ అమ్మాయి నాగటి చాలులో దొరికిందన్నారు. బాగుంది. సర్వే నెంబరెంతండీ? పట్టా ఎవరి పేరునుందండీ? రేపు మా కోడలి మీద ఎవడో దావా వేస్తే కోర్టుల చుట్టూ మేం తిరగాలా?"

"మా పిల్ల పట్టా సంగతి తరవాత చూద్దురు గాని," అన్నారు భద్రం అన్నయ్యగారు, "మీ వాడి కాలు తగిలి రాయి ఆడదైపోయిందంట కదండీ. మా వీధిలో రోడ్డు కోసం కంకర పోసున్నారు. చెప్పులేసుకుని రమ్మనండి. లేకపోతే తెల్లారేసరికి మా కాలనీకి రేషన్ కార్డులు చాలవు."

జనం నవ్వు ఆగకముందే ఆయనే మళ్ళీ అన్నారు. "ఇంకోటండి. మీ ఇంట్లో పాయసం తాగితే నలుగురు మగపిల్లలు పుట్టారంట. మా ఇళ్ళల్లో పాయసం తాగితే షుగరొకటే పుడుతుందండి. ఆ పాయసం ఎక్కడ వండించారో కాస్త చెబుదురూ?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్ళు అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న చిలకపాటి ప్రకాశరావుగారైతే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆచార్యులుగారు శంఖం ఊదారు, కల్యాణం అయింది, వడపప్పు పంచారు, అందరం ఇళ్ళకి పోయాం.

రెండ్రోజులు పోయాక కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క వీడియో వచ్చింది. ముందూ వెనకా కత్తిరించేసి, "షుగరొకటే పుడుతుందండి" అన్నది మాత్రం ఉంచారు. కింద ఎవరో "షుగరు వ్యాధిగ్రస్తులంటే ఇంత చులకనా" అని రాశారు. ఇంకొకరు "దశరథ మహారాజుకి అవమానం" అన్నారు. మూడోవారు కంకర సంగతి తీసి అహల్యాదేవి పరువు అన్నారు. సాయంత్రానికి కాలనీ అంతా బాధపడింది. బాధపడనివాళ్ళ పేర్లు వేరే తెలిసిపోయాయి. "మీరింకా ఏమీ పెట్టలేదేంటండీ గ్రూపులో?" అని మా ఆయనకి ఒకరు ఫోన్ చేశారు. "అన్నం తింటున్నానండి, చెయ్యి కడుక్కుని బాధపడతాను" అన్నారు మా ఆయన.

ఆదివారం గుడి మంటపంలో కమిటీ సమావేశం పెట్టారు. ప్రకాశరావుగారు అధ్యక్షులు. ఆయన ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి దిగారు. మనిషి దిగారు గాని భాష ఇంకా కుర్చీలోనే ఉంది.

"ఎదుర్కోలు సందర్భమున చేయబడు పరిహాస ప్రసంగముల వలన భక్తజనుల మనోభావములు గాయపడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇందుమూలముగా మనోభావ పరిరక్షణ ఉపసంఘము నియమింపబడినది," అని చదివారు.

మా చిన్నమావగారు లేచారు. "అయ్యా, షుగరున్నది నాకండి. రోజూ పొట్టలో సూది పొడుచుకుంటాను. ఆ మాటకి అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా నేనేనండి. మీరు నా ఎదురుగానే ఉన్నారు. మీరూ నవ్వారు."

"నాది బాధతో కూడిన నవ్వు," అన్నారు ప్రకాశరావుగారు. "ఇక తమరు అంతర్గత బాధితులు. అనగా బాధ కలిగినది, కలిగినట్లు తమకు తెలియరాలేదు."

"ఎప్పుడు తెలుస్తుందండి?"

"ఉపసంఘము తెలియపరుస్తుంది."

భద్రం అన్నయ్యగారు వెనకాల స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నారు. "అంటే వచ్చే ఏడు నాకు మైకు ఇవ్వరన్నమాట," అన్నారు.

"నిలుపుదల మాత్రమే. శిక్ష కాదు. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు."

"ఆ ఉత్తర్వులు ఎవరిస్తారండి?"

"మేమే."

"ఎప్పుడిస్తారండి?"

"నిలుపుదల ముగిసిన పిమ్మట."

ఇందులో నీకేం పోయిందంటారా, చెబుతాను. మాకు ఇద్దరూ మగపిల్లలే. ఆడపిల్ల కాళ్ళు కడిగి, చెయ్యి పట్టుకుని ఇంకొకరికి అప్పగించే భాగ్యం మాకు లేదు. అందుకని నవమికి సీతమ్మ తల్లిదండ్రులుగా పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలని పెళ్ళయిన కొత్తల్లోనే పేరు రాయించుకున్నాం. కాలనీలో ఇళ్ళు పెరిగాయి, వరస వెనక్కి పోయింది. చివరికి ఈ ఏడు మా వంతు వచ్చింది. ఎదుర్కోలు జరగకపోతే ఏమవుతుందని ఆచార్యులుగారిని అడిగాను.

"నవ్వు వినపడకపోతే నేను శంఖం ఊదనమ్మా. మా నాన్నగారూ ఊదలేదు," అన్నారు. "పల్లకీ మలుపు దాటి రాకపోతే నువ్వు పిల్లనెవరికిస్తావు? ఆ లగ్నం దాటితే మళ్ళీ వచ్చే ఏటి నవమే. వంతు ఇంకొకరికి పోతుంది."

నేను న్యాయంగానే మాట్లాడాలి. నొప్పించే హాస్యం ఉండదని నేననను. చాలా ఏళ్ళ కిందట భద్రం అన్నయ్యగారే ఎదుర్కోలులో గొడ్రాలి మీద ఏదో మాట విసిరారు. జనం నవ్వుతుంటే మూడో వరసలో ఒకావిడ మొహం దించుకుంది. ఆయన మైకు దగ్గర్నుంచే అది చూశారు. మర్నాడు పళ్ళు పట్టుకుని వాళ్ళింటికెళ్ళి, "అమ్మా, నిన్న నా నోరు నాకంటే ముందు నడిచింది" అన్నారు. ఆ మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. ఆవిడ ఇప్పుడు ముందు వరసలోనే కూర్చుని నవ్వుతుంది. అప్పట్లో మాకు ఉపసంఘం లేదు కనక ఇలాంటివన్నీ ఇళ్ళల్లో తేల్చుకునేవాళ్ళం.

ఇప్పుడు పద్ధతి ప్రకారం జరగసాగింది. గుడి ఆఫీసులో పులిహోర ప్రసాదం ఇచ్చే కిటికీ పక్కనే ఇంకో కిటికీ తెరిచి, పైన "మనోభావముల స్వీకరణ" అని రాశారు. ముందు రెండు వరసలు కట్టారు. ఒకటి స్వయంగా బాధపడినవారికి, రెండోది ఇతరుల తరఫున బాధపడినవారికి. మొదటిదాంట్లో ఎప్పుడూ ఎవరూ కనపడేవారు కాదు. కొన్నాళ్ళకి అందులో స్కూటర్లు పెట్టుకున్నారు. రెండో వరస ధ్వజస్తంభం దాటిపోయేది. ఒకరోజు పులిహోర కోసం వెళ్ళి నేను పొరపాటున అందులో నిలబడ్డాను.

"ఎవరి తరఫునండీ?" అంది నా ముందావిడ.

"ఎవరి తరఫునా కాదండి, పులిహోరకండి. మీరు?"

"నేను కైకేయి తరఫునండి. ఎప్పుడు చూసినా ఆవిడ్నే ఆడిపోసుకుంటారు. ఆవిడకి మాత్రం కన్నకడుపు కాదాండీ?"

"మీకు ఆవిడ చుట్టరికమాండీ?"

"లేదండి. మాది ఇరిగేషన్ క్వార్టర్స్."

కార్తీకమాసంలో హరికథ పెట్టించారు. దాసుగారు రాగానే ఉపసంఘం ఆయన్ని పక్కకి పిలిచింది. పుత్రకామేష్టి పాయసం వద్దు, షుగరువారున్నారు. మంథర గూను వద్దు, నడుం నొప్పివారున్నారు. శూర్పణఖ ముక్కు వద్దు. కుంభకర్ణుడి నిద్ర వద్దు, పగలు పడుకునేవారి తరఫున అర్జీ ఉంది. కోతుల ప్రస్తావన వచ్చినప్పుడు "కోతి" అనకుండా చెప్పాలి.

"మరి నన్నేం చెప్పమంటారండి?" అన్నారు దాసుగారు.

"మంగళం పాడవచ్చును."

ఆయన గజ్జెలు కట్టుకుని, మంగళం పాడి, గజ్జెలు విప్పుకున్నారు. సంక్షిప్త రామాయణాలు నేనూ విన్నాను గాని ఇంత సంక్షిప్తం వినలేదు.

ఈలోగా భద్రం అన్నయ్యగారి షామియానాలు ఎవరూ తీసుకోకూడదని గ్రూపులో అనుకున్నారు. మా ఎదురింటివాళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో గృహప్రవేశం చేసుకున్నారు. వ్రతానికి కూర్చున్న ఇల్లాలికి వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో పెట్టారు. వెనక వీధివాళ్ళు ఇంకొంచెం తెలివైనవాళ్ళు. ఆయన షామియానాయే తెప్పించి, పేరున్న గుడ్డని తిరగేసి కట్టించారు. అద్దం పెట్టి చదివితే "కొప్పిశెట్టి" అనే ఉంటుంది. అద్దం పెట్టి చదివినవారి తరఫున కూడా ఒక అర్జీ వచ్చింది.

ఆయన్ని క్షమాపణ చెప్పమన్నారు. ఆయన కాదనలేదు. మంటపంలో చేతులు కట్టుకుని నిలబడి, "నా మాట వల్ల ఎవరికైనా షుగరు పెరిగుంటే క్షమించండి" అన్నారు. అందులో వెటకారం ఉంది గనక చెల్లదన్నారు. రెండోసారి "క్షమించండి" అని ఒక్కమాటే అన్నారు. ఉపసంఘం దాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, తలుపులు వేసుకుని మళ్ళీ మళ్ళీ విని, చివర్లో గొంతు కొంచెం సాగిందని తేల్చింది. మూడోసారి వాళ్ళే రాసిచ్చారు. "నాచే ఉచ్చరింపబడిన వాక్యముల వలన సంభవించిన మనోవ్యథకు నేను బేషరతుగా చింతించుచున్నాను." ఆయన పొల్లు పోకుండా చదివారు. షామియానా గుంజల దగ్గర కూలీల్ని కేకలేసే గొంతులోంచి "సంభవించిన" అన్న మాట వచ్చేసరికి మంటపం మంటపమంతా పొట్టలు పట్టుకుంది. దాంతో ఆయన బహిరంగంగా చదవడం కూడా నిలుపుదల చేశారు.

ఆ తరవాత ఆయన గుడి ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఊరికే కూర్చునేవారు. దారినపోయేవాళ్ళు ఆ మొహం చూసి నవ్వుకుంటూ పోయేవారు. దానికీ నోటీసు వచ్చింది. "తమరు రెచ్చగొట్టు రీతిలో మౌనముగా ఉంటున్నట్లు తెలియవచ్చినది."

ప్రసాదం పట్టుకుని ఒకసారి వాళ్ళింటికెళ్ళాను. షామియానా గుడ్డలు మడతలు పడి వసారా నిండా ఉన్నాయి.

"మాట్లాడితే తప్పంట, మాట్లాడకపోతే తప్పంట," అన్నారు. "నేను నిద్దట్లో గురక పెడుతున్నానంట చెల్లమ్మా, మీ వదిన చెప్పింది. అందులో ఎవరి ప్రస్తావన ఉందో ప్రకాశరావుగారినే అడగాలి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఒక గుడ్డ తీసి మళ్ళీ మడత పెట్టారు, అది మడతలోనే ఉన్నా.

"గుంజలు పాతడం వచ్చు, నలుగురిని నవ్వించడం వచ్చు. మూడోది రాదమ్మా నాకు. ఈ ఏడు నువ్వు పీటల మీద కూర్చుంటున్నావని తెలిసినప్పటి నుంచీ ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను." ఆ మడత పక్కన పెట్టి, "ఎవరు మాట్లాడినా ఒకటేలే, శంఖం ఊదితే చాలు," అన్నారు.

ఎవరు మాట్లాడినా ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు.

నవమి దగ్గరపడ్డాక ఉపసంఘం కొత్త నిబంధన తెచ్చింది. పరిహాసానికి గురయ్యే వ్యక్తి నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఎదుర్కోలులో పరిహాసానికి గురయ్యే వ్యక్తి పెళ్ళికొడుకు. పెళ్ళికొడుకు శ్రీరామచంద్రమూర్తి. ఆయన్ని అడిగేదెట్లా?

"పూలడుగుదామండి," అన్నారు ఆచార్యులుగారు.

మా గుడిలో ఏ సంగతి తేలకపోయినా పూలడుగుతాం. ఒక ఆకులో తెల్లపువ్వు, ఇంకో ఆకులో ఎర్రపువ్వు చుట్టి స్వామి పాదాల దగ్గర పెడతారు. లోపలేముందో తెలియనివారు కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. ఏది వస్తే అది దేవుడి మాట. పెళ్ళి సంబంధాలు, బోరింగు ఎక్కడ వెయ్యాలన్నదీ కూడా మేం అలాగే తేల్చుకుంటాం. బాధ కలిగితే తెలుపు, కలగకపోతే ఎరుపు అని ఉపసంఘం తీర్మానించింది. తీసేవారు ఏ పక్షమూ కాకూడదంది. కాలనీలో అలాంటి మనిషి దొరక్క, అటుగా పోతున్న గ్యాస్ సిలిండర్ల అతన్ని పిలిచారు.

"ఈ విషయమై తమకు ఏవైనా మనోభావములు కలవా?" అని ప్రకాశరావుగారు అడిగారు.

"బండి రోడ్డుకడ్డంగా ఉందండి. తొందరగా చెప్పండి, ఏది తియ్యాలి?"

తీశాడు. ఎర్రమందారం. రాములవారికి బాధ కలగలేదు.

అందరం గోవిందా అన్నాం. ప్రకాశరావుగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ లేచారు.

"స్వామివారి అభిప్రాయమును ఉపసంఘము మిక్కిలి గౌరవముతో నమోదు చేసుకున్నది. అయితే స్వామివారు క్షమాగుణ సంపన్నులు. తమకు జరిగిన అవమానమును తక్కువగా అంచనా వేయు అలవాటు వారికి కలదు. రాజ్యము కాదని అడవికి పొమ్మన్నప్పుడు కూడా వారు ఎట్టి ఫిర్యాదూ దాఖలు చేయలేదు. కావున ఈ విషయమున స్వామివారి మాట ప్రామాణికము కాదు."

ఆచార్యులుగారు హారతి పళ్ళెం కింద పెట్టేశారు. "అంటే దేవుడు కూడా ఆ అంతర్గత బాధితుడేనాండి?"

"ప్రధాన అంతర్గత బాధితులు," అన్నారు ప్రకాశరావుగారు, చేతులు జోడించి.

నా సందేహం అక్కడితో తీరిపోయింది. దేవుడు వకాల్తా ఇవ్వకపోవడమే కాదు, నాకు అక్కర్లేదు మొర్రో అన్నా వీళ్ళు వదలరు.

నవమి వచ్చింది. నేనూ మా ఆయనా పసుపు బట్టలు కట్టుకుని, పానకం బిందె పట్టుకుని వీధి మలుపులో నిలబడ్డాం. కొత్త రోడ్డు కాళ్ళ కింద కాలిపోతోంది. ఎదురుగా పల్లకీలో స్వామి, బాసికం కట్టుకుని, ఎప్పటిలాగే నవ్వుతూ ఉన్నారు. షామియానా వేరే ఊరి నుంచి తెప్పించారు, అది ఒకవైపు ఒరిగి ఉంది. భద్రం అన్నయ్యగారు రోడ్డవతల టీకొట్టు బల్ల మీద ఉన్నారు. గుడి పరిధి రోడ్డు దాకానే అని ఆయనే కొలిచి కూర్చున్నట్టున్నారు.

సీతమ్మ తరఫున ప్రకాశరావుగారే మైకు తీసుకుని, ఆమోదం పొందిన పరిహాసం చదివారు.

"వరుని వంశము ఉత్తమమైనది. వధువు వంశము కూడా ఉత్తమమైనది. ఇందులో ఏది అధిక ఉత్తమమన్నది చర్చనీయాంశము కాదు. ఇచ్చట సభికులు మితముగా నవ్వవచ్చును."

ఎవరూ నవ్వలేదు. చివరి వాక్యం కూడా పరిహాసంలో భాగమేనా కాదా అని మాకు తెలియలేదు.

ఆచార్యులుగారు శంఖం చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ప్రకాశరావుగారు మళ్ళీ మైకులో, "సభికులు నవ్వవలసినదిగా కోరడమైనది," అన్నారు. ఉపసంఘం సభ్యులు ముగ్గురూ వరసగా హహ్హ, హహ్హ, హహ్హ అన్నారు.

"అది నవ్వు కాదండి, పొలమారడం," అన్నారు ఆచార్యులుగారు. "ఎవరైనా వీళ్ళకి మంచినీళ్ళివ్వండి."

ఎండ నడినెత్తికొస్తోంది. లగ్నం దగ్గరపడుతోందని సన్నాయి ఆయన మాటిమాటికీ గుడి గడియారం వైపు చూస్తున్నాడు. పల్లకీ మోస్తున్నవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. నాకు చేతుల్లో బిందె బరువెక్కింది. పీటలు అలంకరించి లోపల సిద్ధంగా ఉన్నాయి, పసుపు నీళ్ళ చెంబు ఉంది, సీతమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. నా కూతురు ఈ ఏడు అక్కడే ఉండిపోతుందేమోనని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాములవారి వైపు చిన్నమావగారికి ఉపసంఘం "ధన్యవాదములు" అని రాసిన కాగితం ఒకటి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మైకు వదిలేసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా మాణిక్యం," అన్నారు. "పానకమైనా చిక్కగా కలిపారా, మీ పుట్టింటివాళ్ళ పులుసు లాగే ఉందా?"

ఆ మాట నాకు పాతదే. మా పెళ్ళి భోజనాల్లో మగపెళ్ళివారి బంతిలో కూర్చుని ఈయనే ఇలాగే అందుకున్నారు. "ములక్కాడ పులుసన్నారు, ములక్కాడేదండీ? ఈతగాళ్ళని దింపి వెతికించమంటారా?" అని కేకేశారు. బంతి బంతంతా నవ్వింది. ఆడపెళ్ళివారు మజ్జిగ వచ్చేలోపు జవాబు చెప్పాలి. మా నాన్న నెమ్మదస్తుడు, నోరు పెగల్లేదు. మా అమ్మ వంటింటి తెర వెనకాల నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది గాని వియ్యాలవారి ముందుకి రాలేకపోయింది. "ఆయనకి జవాబు బాకీ ఉండిపోయామే మాణిక్యం" అని పోయేదాకా తలుచుకునేది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నేను, మావగారి ముందు గొంతెత్తి ఎరగను. తలుపు చాటు నుంచే మాట్లాడతాను.

"ఇది ఆమోదిత ప్రతిలో లేదు," అన్నారు ప్రకాశరావుగారు.

"మా కోడలితో మాట్లాడుకుంటున్నానండి. ఇంటి సంగతి," అన్నారు చిన్నమావగారు, నా మీంచి చూపు తిప్పకుండా.

బిందె మా ఆయన చేతికిచ్చాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీరు సముద్రానికే వారధి కట్టిన వంశంవారని ఊరంతా చెప్పుకుంటారు మావయ్యగారూ. మా అమ్మ పులుసుగిన్నె దాటలేక ఈతగాళ్ళని పిలిచారేంటండీ? అయినా మొదటి బంతిలో కూర్చున్నవారు మూడో బంతి లేచేదాకా లేవకపోతే, ములక్కాడలు గిన్నెలో ఎందుకుంటాయండి?"

మొదటి నవ్వు రోడ్డవతల నుంచి వచ్చింది. భద్రం అన్నయ్యగారు బల్ల మీంచి లేచిపోయి, తల వెనక్కి వేసి నవ్వుతున్నారు. ఆ వెంటనే పల్లకీ మోసేవాళ్ళు, తరవాత ఆడవాళ్ళు, తరవాత ఒరిగిన షామియానా కింద ఉన్నవాళ్ళందరూ. పల్లకీ ఊగింది. ఏడాది పాటు ఆపుకున్నది ఒక్కసారి వచ్చిందేమో, ఎంతకీ ఆగలేదు.

"వారధి నిర్మాణము వివాహానంతర విషయము," అని మైకులో ప్రకాశరావుగారి గొంతు వినిపిస్తోంది. "కాలక్రమము ప్రకారము ఈ పరిహాసము..."

ఆచార్యులుగారు శంఖం ఊదారు. మిగతాది ఎవరికీ వినపడలేదు.

"ఓడిపోయామమ్మా, పానకం పొయ్యి," అని చిన్నమావగారు దోసిలి పట్టారు. రోడ్డవతలికి తిరిగి, "ఒరేయ్ భద్రం, ఇన్నేళ్ళూ నువ్వు మాట్లాడింది దండగరా," అన్నారు.

పల్లకీ కదిలింది. లగ్నానికి అందుకున్నాం. ఆచార్యులుగారు చెప్పినట్టు సీతమ్మ చేతిని రాములవారి చేతిలో పెట్టి, మా ఆయన దోసిట్లో నేను నీళ్ళు వదిలాను. ఇచ్చేది బంగారు పూత విగ్రహాన్నే అయినా, ఇంట్లో ఒక గది ఖాళీ అయినట్టు అనిపించింది. ఆడపిల్లల తల్లులు పెళ్ళిళ్ళలో ఎందుకు ఏడుస్తారో అప్పుడు తెలిసింది.

కొంగుముడి విప్పకముందే ఉపసంఘం నుంచి నాకు కబురొచ్చింది. అనుమతి లేని పరిహాసం చేసినందుకు మర్నాడు ఉదయం హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలట. పలచటి పులుసు వండేవారి తరఫున ఒకరు, ఈతగాళ్ళ తరఫున ఒకరు అప్పటికే కిటికీ దగ్గర నిలబడ్డారట. "రేపు కదా," అన్నారు మా ఆయన, "ముందు వడ్డన చూడు."

భోజనాల మీద నిలుపుదల లేదు గనక భద్రం అన్నయ్యగారు లోపలికొచ్చి చిన్నమావగారి పక్క విస్తట్లో కూర్చున్నారు. ఆ రోజు అన్నసంతర్పణలో ములక్కాడ పులుసే. నేను గుండిగ అడుగునుంచి గరిటె తిప్పి, దొరికిన ములక్కాడలన్నీ గిన్నెలోకి తీసి, చిన్నమావగారి విస్తట్లో గుట్టగా పోశాను.

"మా అమ్మ పంపిందండి," అన్నాను.

ఆయన ఆ గుట్టలోంచి ఒకటి ఏరుకున్నారు. ఒక ముక్క నమిలి, పిప్పి పక్కన పెట్టి, తలెత్తకుండానే అన్నారు.

"ముక్కలు బానే ఉన్నాయమ్మా. పులుసెవరి కోసం దాచారు?"

భద్రం అన్నయ్యగారు అన్నం కలుపుతూ నా వంక చూశారు.

"చూశావా చెల్లమ్మా," అన్నారు, "బాకీ తీర్చినా చెల్లు రాయడు."